నీలం పెన్సిలు

కాన్సాస్‌లో గాలికి అడ్డన్నదే లేదు.
లారీ దాటిపోయినప్పుడల్లా
మా పాత బ్యూక్ కారు ఒక జానెడు పక్కకి జరుగుతుంది.
వెనక సీట్లో, టల్సా పెళ్లికి పట్టుకెళ్తున్న
మూడంతస్తుల కేకు స్టాండు
దుప్పటి చుట్టినా కిణుక్కుమంటూనే ఉంది.

మట్టిరంగు బోర్డు కనబడింది:
అధ్యక్షుడి గ్రంథాలయం, నాలుగు మైళ్లు.
"తిప్పు" అంది మేనత్త ఆర్డిత్.

యాభై మూడేళ్లుగా ఆ పేరు
మా భోజనాల బల్ల దగ్గర ఎవరూ ఎత్తరు.
టీవీలో ఆయన శవయాత్ర చూపించిన రోజు
అత్త లేచి వెళ్లి కోళ్లకి మేత వేసింది,
అప్పటికే ఒకసారి వేసిన మేత.

టికెట్టు పన్నెండు డాలర్లు, పెద్దవాళ్లకి తొమ్మిది.
"ఈయనకి నేనే ఎదురు కట్టాలా" అని గొణిగి
చిల్లర లెక్కపెట్టి మరీ ఇచ్చింది.

లోపల ఆయన చిన్నప్పటి బూట్లు,
భార్య పెళ్లి గౌను,
ఏ దేశం వాళ్లో ఇచ్చిన గుర్రపు జీను.
అత్త దేని ముందూ ఆగలేదు.
ఉత్తరాలు ఎక్కడ పెడతారని అడిగింది.

పై అంతస్తులో చదువుకునే గది.
కోట్లు బయట పెట్టించారు. పెన్ను లాక్కున్నారు.
టెరెల్ అనే కుర్రాడు
పేరు, ఊరు, ఏడాది రాసుకుని లోపలికి పోయాడు.
గంటన్నర.
పన్ను పీకించుకోడానికి వచ్చినదానిలా
అత్త ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

అట్టపెట్టె వచ్చింది.
అందులో నలభయ్యో ఫోల్డరు. అందులో నానమ్మ.

విత్తనాల కొట్టు వాళ్ల కేలండరు చింపి
వెనకవైపు రాసింది.
గీతల్లేని కాగితం కదా,
మెత్తనేలలో పాతిన కంచెలా
వరసలన్నీ కుడివైపుకి ఒరిగిపోయాయి.

"అయ్యా,
మా లైల్‌ని వెనక్కి పంపమనడానికి కాదు ఈ ఉత్తరం.
అందరి పిల్లలూ వెళ్తున్నారు.
వాడిది ఎడమచేతి వాటం.
కత్తెరైనా కొడవలైనా వాడికి వేరేది కావాలి.
అక్కడ వాడికి కుదిరే తుపాకీ ఇచ్చారో లేదో
కాస్త కనుక్కుంటారా.
మొన్న వడగళ్లకి గోధుమ పోయింది. అయినా బాగానే ఉన్నాం.
ఇట్లు, హల్డా."

ఎడమచేతి వాటం అన్న మాట కింద
ఎవరో నీలం పెన్సిలుతో గీత గీశారు.
అంతే. జవాబు నకలు లేదు.
పెట్టెలో మిగతావన్నీ వేరే తల్లులవి.

"ఎవరు గీశారు?"
టెరెల్ కాగితం వంక చూశాడు, అత్త వంక చూశాడు.
"గుమాస్తాలు గీసేవాళ్లండి. అప్పుడప్పుడు ఆయనా గీసేవారు.
చెప్పలేను."
ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది ఆ పిల్లాడికి?
ఆడనందుకు గౌరవమూ కలిగింది, ఒళ్లూ మండింది.

అత్త వేలు ఆ గీత వెంబడి
తాకకుండా, గాలిలో నడిచింది.
ఎడమ వేలు.
ఆవిడదీ అదే వాటమని, బళ్లో కొట్టి మాన్పించారని
ఎప్పుడో నాన్న చెప్పగా విన్నాను. చూడ్డం ఇదే.

కిందికి దిగి
సరాసరి ఆయన ఆఫీసు గదికి నడిచింది.
ఎర్ర తాడుకి అవతల బల్ల, రెండు టెలిఫోన్లు.
తాడు మీదికి వంగి, కళ్లు చికిలించి
బల్లంతా వెతికింది.
"పెన్సిళ్లు ఎక్కడ పెట్టుకునేవాడు?"

కాపలా ముసలాయన దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:
"ఇది అసలు గది కాదమ్మా, అలాగే ఉండేట్టు కట్టారు.
ఆ బల్లకి సొరుగులు కూడా తెరుచుకోవు."
అత్త తలూపింది,
ఎన్నాళ్ల అనుమానమో
ఇవాళ ఒకరు ఒప్పుకున్నట్టు.

బయటికొచ్చాక తాళాలిమ్మని చెయ్యి చాపింది.

ఓక్లహోమా హద్దు దాటేదాకా తనే నడిపింది.
కుడిచెయ్యి ఒళ్లో, నిద్రపోయిన పిల్లిలా.
మాటల్లేవు. కేకు స్టాండే ఏదో చెబుతూ వచ్చింది.
పెట్రోలు ముల్లు ఎర్రగీతకి ఆనుతోందని
చెప్పడానికి నాకు నోరు రాలేదు.